క్రీడల్లో ఏకాగ్రత, స్వగతం

ఆటలో ఆ క్షణానికి అవసరమైన విషయం మీద ధ్యాస నిలిపి, మిగతావాటిని పక్కన పెట్టగలగడాన్ని క్రీడా మనోవిజ్ఞానంలో ఏకాగ్రత అంటారు. సాధనలోనో పోటీలోనో క్రీడాకారుడు తనకు తాను పైకి గానీ మనసులో గానీ చెప్పుకునే మాటలు స్వగతం. పాఠ్యపుస్తకాల్లో దీనికి స్వీయ సంభాషణ అనే పేరు కూడా ఉంది. చూడటానికి ఇవి రెండు వేర్వేరు విషయాలు. మైదానంలో మాత్రం ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ధ్యాస చెదిరిన సంగతి తరచు లోపలి మాటలోనే బయటపడుతుంది, చెదిరిన ధ్యాసను వెనక్కు పిలిచే సాధనం కూడా ఆ మాటే. బలం, నైపుణ్యం దాదాపు సమానంగా ఉన్న ఇద్దరు తలపడినప్పుడు గెలుపోటములను తేల్చే అంశాల్లో ఈ రెండింటికీ చోటుంది. ఇవి పుట్టుకతో వచ్చే వరాలు కావు. సర్వీసులా, బ్యాక్‌హ్యాండ్‌లా నేర్చుకుంటే వచ్చేవి.

పదాలు, పరిధి

ఏకాగ్రత అంటే ఒకే కొన మీద నిలవడం. పతంజలి యోగసూత్రాల్లో చిత్తాన్ని ఒక చోట కట్టి ఉంచడానికి ధారణ అని పేరు. తెలుగు మనోవిజ్ఞాన పుస్తకాలు ఇంకొంచెం విశాలమైన అర్థంలో అవధానం అనే మాట వాడతాయి. తెలుగువారికి ఈ మాట వినగానే అష్టావధానం గుర్తుకొస్తుంది. ఒక పృచ్ఛకుడు సమస్య ఇస్తాడు, మరొకరు దత్తపది ఇస్తారు, ఇంకొకరు అక్షరం అక్షరానికీ నిషేధం పెడతారు. అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడి పని కేవలం అడ్డు తగలడమే. అవధాని అతనికి చమత్కారంగా జవాబు చెప్పి, విడిచిన పద్యపాదం దగ్గరికి తిరిగి రావాలి. అవధానికి అసలు పరీక్ష ఆ తిరిగి రావడంలోనే ఉంది. క్రీడాకారుడికీ అంతే. ఐరిష్ మనోవిజ్ఞాని ఐడన్ మొరాన్ 1996లో క్రీడల్లో ఏకాగ్రత మీద వెలువరించిన గ్రంథం కూడా దీన్ని సంకల్పంతో చేయవలసిన మానసిక శ్రమగానే వివరిస్తుంది. ఏకాగ్రత దానంతటది కుదరదు, దాన్ని పూనుకుని తెచ్చుకోవాలి.

స్వగతం నాటకరంగం నుంచి వచ్చిన మాట. రంగస్థలం మీద పాత్ర తనలో తాను అనుకుంటున్నట్టుగా ప్రేక్షకులకు వినిపించేలా పలికేదే స్వగతం. మైదానంలో దానికి ప్రేక్షకులు అక్కర్లేదు, చెప్పేవారూ వినేవారూ ఒక్కరే. కబడ్డీలో రైడర్ పెట్టే కూత దీని కిందికి రాదు. అది ఆట నియమం ప్రకారం ఒకే గుక్కలో పలకవలసిన మాట. ప్రత్యర్థిని కవ్వించడం, జట్టులోని వారిని హెచ్చరించడం కూడా స్వగతం కావు.

అధ్యయన చరిత్ర

అమెరికన్ మనోవిజ్ఞాని విలియం జేమ్స్ 1890లో వెలువరించిన మనోవిజ్ఞాన సూత్రాల గ్రంథంలో అవధానానికి ఒక అధ్యాయం కేటాయించారు. కొన్నిటి మీద మనసు పెట్టాలంటే మరికొన్నిటిని వదులుకోక తప్పదని అందులో వివరించారు. 1925లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో కోల్‌మన్ గ్రిఫిత్ క్రీడా పరిశోధనశాలను నడిపి, శిక్షణలో మనోవిజ్ఞానం గురించి పుస్తకాలు రాశారు. క్రీడా మనోవిజ్ఞానం అంతర్జాతీయ స్థాయిలో సంఘటితమైంది 1965లో, రోమ్ మహాసభతో.

స్వగతానికి మూలాలు పిల్లల మనోవిజ్ఞానంలో ఉన్నాయి. ఆడుకుంటూ తమలో తాము మాట్లాడుకునే చిన్నపిల్లలను స్విస్ శాస్త్రవేత్త జాఁ పియాజే, రష్యన్ శాస్త్రవేత్త లెవ్ విగోట్‌స్కీ వేర్వేరుగా పరిశీలించారు. పియాజే దాన్ని ఎదుటివారి దృష్టి ఇంకా అలవడని వయసు లక్షణంగా చూశారు. విగోట్‌స్కీ మరో సంగతి గమనించారు. పెద్దలు పైనుంచి చెప్పే మాటను పిల్లలు మొదట పైకి అనుకుంటూ పని చేస్తారు. క్రమంగా ఆ మాట లోపలికి ఇంకి ఆలోచనగా మారుతుంది. ఈ సూత్రం మీదే డొనాల్డ్ మైకెన్‌బామ్ 1970లలో స్వీయ ఆదేశాల శిక్షణను తీర్చిదిద్దారు. ఆల్బర్ట్ ఎల్లిస్, ఏరన్ బెక్‌ల చికిత్సా పద్ధతులు మనిషి తనకు తాను చెప్పుకునే మాటలకూ అతని ఉద్వేగాలకూ ఉన్న సంబంధాన్ని వెలుగులోకి తెచ్చాయి.

1974లో టిమతీ గాల్వే రాసిన 'ది ఇన్నర్ గేమ్ ఆఫ్ టెన్నిస్' ఈ చర్చను మామూలు ఆటగాళ్ల దాకా తీసుకెళ్లింది. ప్రతి ఆటగాడిలోనూ ఆజ్ఞలు జారీచేసి తప్పులు పట్టేవాడొకడు, ఆట ఆడేవాడొకడు ఉంటారని, మొదటివాడు ఊరుకుంటేనే రెండోవాడు బాగా ఆడతాడని ఆయన వాదన. దానికి ఆయన చూపిన చిట్కా తేలికైనది. బంతి నేలను తాకగానే ఒక మాట, రాకెట్‌కు తగలగానే మరో మాట పైకి అనాలి. రెండే రెండు మాటలతో మనసుకు పని దొరుకుతుంది, తప్పులు పట్టే గొంతు సద్దుమణుగుతుంది.

ధ్యాసకు నాలుగు దిక్కులు

1976లో రాబర్ట్ నైడెఫర్ ప్రతిపాదించిన నమూనా నేటికీ శిక్షణలో వాడుకలో ఉంది. దాని ప్రకారం ధ్యాసకు రెండు కొలతలున్నాయి. ఒకటి వెడల్పు: అది విశాలంగానో సన్నగానో ఉంటుంది. రెండోది దిశ: అది బయటికో లోపలికో తిరుగుతుంది. ఈ రెండూ కలిస్తే నాలుగు రూపాలు వస్తాయి.

విశాలమై బయటికి తిరిగిన ధ్యాస కబడ్డీ రైడర్‌ది. ఎదుట ఏడుగురు, వెనక గీత, పక్కన గొలుసుగా కదులుతున్న చేతులు, అన్నీ ఒకేసారి కనబడాలి. విశాలమై లోపలికి తిరిగినది కెప్టెన్‌ది. మిగిలిన ఓవర్లు, చేతిలో ఉన్న బౌలర్లు, పిచ్ తీరు, అన్నిటినీ మనసులో పేర్చుకుని లెక్క వేయాలి. సన్ననై లోపలికి తిరిగినది బరువెత్తే ముందు ఊపిరిని, పట్టును సరిచూసుకునే వెయిట్‌లిఫ్టర్‌ది. సన్ననై బయటికి తిరిగినది విలుకాడిది. ద్రోణుడి పరీక్షలో చెట్టునూ కొమ్మనూ వదిలి పక్షి తలను మాత్రమే చూసిన అర్జునుడి కథ తెలుగునాట ఏకాగ్రతకు మారుపేరైంది. అయితే ఆ కథ చెప్పేది నాలుగింటిలో ఒక్క రూపం గురించే. బాణం వదిలే క్షణానికి అది సరైనది. అదే చూపుతో కబడ్డీ కోర్టులోకి దిగితే మొదటి రైడ్‌లోనే పట్టుబడతారు.

సన్నని ధ్యాస కూడా సమయం తప్పితే ఎంత నష్టం చేస్తుందో 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ చూపింది. 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్ ఫైనల్లో అమెరికన్ షూటర్ మాథ్యూ ఎమన్స్ చివరి గుండుకు ముందు స్పష్టమైన ఆధిక్యంలో ఉన్నారు. మామూలు గుండు తగిలినా స్వర్ణం ఆయనదే. గుండు పేలింది గానీ తెర మీద అంకె రాలేదు. ఆయన పక్క వరుసలోని గురిని కొట్టారు. సున్నా పడి ఎనిమిదో స్థానానికి జారిపోయారు. తనను తాను నెమ్మది పరచుకోవడంలో పడి, ఎప్పుడూ చూసుకునే గురి అంకెను ఈసారి చూడలేదని తర్వాత చెప్పారు. ఆయనకు ఏకాగ్రత లేదనలేం. అది విశాలంగా ఉండవలసిన ఒక్క క్షణంలో సన్నబడిపోయింది. కావలసినప్పుడు ఒక రూపం నుంచి మరో రూపానికి మళ్లగలగడమే ఏకాగ్రతలో కీలకమన్న నైడెఫర్ సూత్రానికి ఇంతకన్నా స్పష్టమైన సాక్ష్యం అరుదు.

వెడల్పు, దిశ తర్వాత చెప్పుకోవలసింది వ్యవధి. టెస్టు క్రికెట్లో రోజుకు 90 ఓవర్లంటే 540 బంతులు. బౌలర్ పరుగు చివరి అంగల నుంచి బంతి ఆడేదాకా సుమారు ఐదు సెకన్లనుకుంటే రోజు మొత్తంలో గట్టి ధ్యాస కావలసింది 45 నిమిషాలే. మిగతా సమయమంతా గట్టిగా బిగపట్టి ఉంచేవాడు మధ్యాహ్నానికే అలసిపోతాడు. బంతికీ బంతికీ మధ్య మనసును వదులు చేసి, మళ్లీ సమయానికి పిలవడం పెద్ద ఇన్నింగ్స్ ఆడేవారి రహస్యం. 2001 మార్చి 14న కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియా మీద హైదరాబాదీ వి.వి.ఎస్. లక్ష్మణ్, రాహుల్ ద్రవిడ్ రోజంతా వికెట్ పడకుండా ఆడారు. ఫాలో ఆన్‌లో ఉన్న జట్టు 254 పరుగుల నుంచి 589కి చేరింది. లక్ష్మణ్ 281, ద్రవిడ్ 180 చేసిన ఆ భాగస్వామ్యం 376 పరుగులు. భారత్ ఆ మ్యాచ్ గెలిచింది.

ధ్యాస ఎలా చెదురుతుంది

చెదరగొట్టేవి బయటా ఉంటాయి, లోపలా ఉంటాయి. జనం కేకలు, గాలి, వెలుతురు, అంపైర్ నిర్ణయం, ప్రత్యర్థి కవ్వింపు బయటివి. ఇందాకటి తప్పును నెమరు వేయడం, గెలిస్తే ఏమవుతుందో ఊహించడం, అలసట, నొప్పి లోపలివి. వీటిలో చాలావాటికి ఒక పోలిక ఉంది: మనసు వర్తమానం వదిలి జరిగిపోయినదానిలోకో, జరగబోయేదానిలోకో వెళుతుంది.

ఆందోళన ఎక్కువైతే చూపు సన్నబడి, కావలసిన సూచనలు కూడా జారిపోతాయని 1959లో ఈస్టర్‌బ్రుక్ వివరించారు. ఆ తర్వాతి పరిశోధకులు ఒత్తిడిలో తడబాటుకు మరో కారణం చూపారు. ఏళ్ల సాధనతో చేతికి అలవాటైన పనిని మనసు మళ్లీ ముక్కలు ముక్కలుగా పర్యవేక్షించడం మొదలుపెడితే ఆ పని చెడిపోతుంది. రాయ్ బామైస్టర్ 1984లోనూ, రిచ్ మాస్టర్స్ 1992లోనూ ఈ దిశగా ప్రయోగాలు చేశారు. 2002లో షాన్ బైలాక్ బృందం ప్రచురించిన అధ్యయనం ఒక అందమైన తేడాను పట్టుకుంది. ఫుట్‌బాల్ బంతిని తన్నుకుంటూ పోయేటప్పుడు పాదం ఏ వైపు తగులుతోందో గమనించమంటే అనుభవజ్ఞుల ఆట మందగించింది. కొత్తవారికి మాత్రం అలా గమనించడం మేలు చేసింది. మెట్లు దిగేటప్పుడు ప్రతి అడుగునూ చూసుకుంటే తడబడతాం. పసిబిడ్డ మాత్రం చూసుకునే దిగాలి.

1993 వింబుల్డన్ మహిళల ఫైనల్లో యానా నొవోత్నా స్టెఫీ గ్రాఫ్ మీద మూడో సెట్లో 4-1 ఆధిక్యంలో ఉండి, 5-1కి చేరువై, డబుల్ ఫాల్ట్‌తో మొదలైన తడబాటులో మ్యాచ్ చేజార్చుకున్నారు. పట్టు వదలక 1998లో అదే టైటిల్ గెలిచారు. తడబాటు ఒక మ్యాచ్‌లో జరిగే సంఘటన. దాన్ని ఆ మనిషి స్వభావంగా ముద్ర వేయకూడదని ఆమె జీవితం చెబుతుంది.

చేయకూడదనుకున్నదే చేయించే స్వభావం కూడా మనసుకు ఉంది. తెల్ల ఎలుగుబంటిని తలచుకోవద్దంటే అదే తలపుకు వస్తుందని డేనియల్ వెగ్నర్ 1987లో ప్రయోగపూర్వకంగా చూపారు. 1998లో ఆయన బృందం గోల్ఫ్ ఆటతో మరో ప్రయోగం చేసింది. బంతి రంధ్రం దాటిపోకుండా చూడమని చెప్పి, మనసు మీద మరో భారం పెడితే బంతి ఎక్కువగా దాటిపోయింది. శిక్షకులు బౌండరీ దగ్గర నిలబడి ఇచ్చే 'వదలొద్దు', 'అవుట్ కావొద్దు' వంటి ఆదేశాల గురించి ఆలోచించవలసింది ఇక్కడే.

స్వగతంలో రకాలు

స్వగతాన్ని మొదట దాని రంగును బట్టి విభజించారు. 'ఫర్వాలేదు, తర్వాతి పాయింట్ చూద్దాం' అనేది అనుకూల స్వగతం. 'ఛీ, ఇది కూడా రాదా' అనేది ప్రతికూల స్వగతం. తర్వాత పనిని బట్టి మరో విభజన వచ్చింది. 'మోకాలు వంచు', 'బంతి చూడు' వంటివి బోధన మాటలు. 'పట్టు వదలకు', 'ఇంకొక్క రౌండ్' వంటివి ఉత్సాహపు మాటలు. ఇటీవలి పరిశోధకులు మూడో తేడా కూడా చూపుతున్నారు. దానంతటది పుట్టే మాట వేరు, సాధనలో ఎంచుకుని అలవాటు చేసుకున్న మాట వేరు. మొదటిది మనసు స్థితిని చూపే అద్దమైతే, రెండోది మనసును నడిపే కళ్లెం.

సర్వనామం కూడా లెక్కలోకి వస్తుంది. 2014లో ఈథన్ క్రాస్ బృందం ఒత్తిడిలో ఉన్నవారి మీద చేసిన అధ్యయనాల్లో 'నేను' అనుకున్నవారి కన్నా తమను పేరు పెట్టి పిలుచుకున్నవారు, 'నువ్వు' అనుకున్నవారు ఆందోళనను మెరుగ్గా అదుపు చేసుకున్నారు. 2019లో 10 కిలోమీటర్ల సైకిల్ పరీక్షలో కూడా 'నువ్వు చేయగలవు' తరహా మాటలు 'నేను చేయగలను' కన్నా మంచి ఫలితమిచ్చాయి. తెలుగువారి సహజ స్వగతం తరచు ఈ దారిలోనే నడుస్తుంది. 'ఒరేయ్, తొందరపడకురా', 'కాస్త నిదానంగా ఆడవే' అని తమను తాము పిలుచుకోవడం మైదానాల్లో వినబడేదే. అలా పిలుచుకోవడంలో ఒక పెద్దన్నో, అక్కో పక్కన నిలబడి చెప్పిన దూరం, ఆప్యాయత రెండూ ఉన్నాయి.

2012 యు.ఎస్. ఓపెన్ ఫైనల్లో ఆండీ మరీ నొవాక్ జొకోవిచ్ మీద రెండు సెట్లు గెలిచి, తర్వాతి రెండూ కోల్పోయారు. ఐదో సెట్‌కు ముందు విరామంలో అద్దం ముందు నిలబడి, ఈ మ్యాచ్ నువ్వు ఓడిపోవడం లేదని తనతో పైకే చెప్పుకున్నట్టు తర్వాత వెల్లడించారు. ఆ సెట్ 6-2తో గెలిచారు. 1936లో ఫ్రెడ్ పెర్రీ తర్వాత పురుషుల సింగిల్స్‌లో గ్రాండ్ స్లామ్ గెలిచిన తొలి బ్రిటిష్ ఆటగాడయ్యారు.

పరిశోధనలు ఏం తేల్చాయి

గ్రీస్‌లోని థెస్సలీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ రంగంలో ఎక్కువ కృషి చేశారు. 2011లో ఆంటోనిస్ హత్జీగియోర్గియాడిస్ బృందం 32 అధ్యయనాలను కలిపి విశ్లేషిస్తే స్వగత సాధన ప్రభావం 0.48గా తేలింది. గణాంక పరిభాషలో ఇది మధ్యస్థమైన, నమ్మదగిన మేలు. సున్నితమైన కదలికలు కావలసిన గురి వంటి పనుల్లో, కొత్తగా నేర్చుకుంటున్న పనుల్లో, ముందుగా సాధన చేసి వాడినప్పుడు మేలు ఎక్కువగా కనబడింది. సున్నితమైన పనులకు ఉత్సాహపు మాటల కన్నా బోధన మాటలే బాగా ఉపకరించాయి.

ఓర్పు కావలసిన ఆటల్లో ఉత్సాహపు మాటలు పనికొస్తాయి. 2014లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో రెండు వారాలు స్వగత సాధన చేసినవారు అలసి ఆగిపోయేదాకా సైకిల్ తొక్కే పరీక్షలో మునుపటికన్నా సుమారు 18 శాతం ఎక్కువ సేపు నిలిచారు. అదే శ్రమ వారికి తక్కువ కష్టంగా అనిపించింది. వంద మీటర్ల పరుగును మూడు భాగాలు చేసి, ఒక్కో భాగానికి ఒక్కో చిన్న మాట ఇచ్చి ఆస్ట్రేలియన్ పరిశోధకులు మాలెట్, హాన్రహన్ 1997లో స్ప్రింటర్ల వేగం పెరగడం గమనించారు.

మేలు జరిగే దారులు కూడా కొంతవరకు తేలాయి. ఒకేసారి ఒకే ఆలోచనను గట్టిగా పట్టుకోగల మనసులో ఎంచుకున్న మాట ఉంటే అడ్డొచ్చే తలపుకు చోటు తగ్గుతుంది. ఆ మాట చూపును ఫలానా చోటికి తిప్పుతుంది, ఆత్మవిశ్వాసాన్ని పెంచుతుంది, శ్రమను నిలబెడుతుంది. ఆ మాట ఎటు చూపించాలన్నదానికి గాబ్రియేల్ వుల్ఫ్ పరిశోధనలు జవాబిచ్చాయి. 1998లో స్కీయింగ్ యంత్రం మీద నేర్చుకునేవారిలో పాదాల మీద ధ్యాస పెట్టినవారి కన్నా పాదాల కింద వేదికకున్న చక్రాల మీద ధ్యాస పెట్టినవారు బాగా నేర్చుకున్నారు. అంటే 'మణికట్టు తిప్పు' అనేదాని కన్నా 'షటిల్‌ను గీత మీదికి పంపు' అనేది మంచి మాట.

సాధన మార్గాలు

మొదటి మెట్టు వినడం. వారం రోజుల పాటు ఆట ముగిశాక, ఏ సందర్భంలో తనతో తాను ఏమన్నదీ నోటుపుస్తకంలో రాసుకోవాలి. ఆస్ట్రేలియన్ హైజంపర్ నికోలా మెక్‌డెర్మట్ 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో దూకిన ప్రతిసారీ పుస్తకం తెరిచి తన ప్రయత్నానికి మార్కులు వేసుకుంటూ కనిపించారు. 2.02 మీటర్లు దూకి రజతం గెలిచారు.

రెండో మెట్టు గుర్తుమాట ఎంచుకోవడం. అది ఒకటి రెండు మాటలకు మించకూడదు. సొంత భాషలో, సొంత యాసలో ఉండాలి. వద్దన్నది కాక, చేయవలసినది చెప్పాలి. 'నెట్‌కు కొట్టకు' బదులు 'ఎత్తులో', 'కంగారు పడకు' బదులు 'ఊపిరి' అనుకోవడం మేలు. దాన్ని సాధనలో వందలసార్లు వాడితేనే పోటీలో నోటికి వస్తుంది.

మూడో మెట్టు దాన్ని ఒక క్రమంలో కూర్చడం. రాబర్ట్ సింగర్ 1988లో చెప్పిన ఐదు అంచెలు ఇందుకు పనికొస్తాయి: సిద్ధం కావడం, చేయబోయేదాన్ని ఊహించుకోవడం, ఒకచోట ధ్యాస నిలపడం, చేయడం, తర్వాత సరిచూసుకోవడం. బాస్కెట్‌బాల్ ఫ్రీ త్రోలో నిపుణుల చూపు బంతి విడిచే ముందు గురి మీద ఎక్కువసేపు కదలకుండా నిలుస్తుందని జోన్ వికర్స్ 1996లో చూపారు. నిశ్చల దృష్టి అని చెప్పదగ్గ ఈ లక్షణాన్ని కూడా క్రమంలో భాగంగా నేర్పుతున్నారు.

నాలుగోది అవాంతరాల మధ్య సాధన. రికార్డు చేసిన జనం హోరు, తప్పుడు నిర్ణయాలు, ఆలస్యాలు ముందే అలవాటు చేస్తారు. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగి చేసే పనినే ఇక్కడ శిక్షకుడు చేస్తాడు. ధ్యానం, తలపులతో పోరాడకుండా వాటిని వచ్చిపోనిచ్చే సాధన కూడా ఇటీవల బాగా వాడుకలోకి వచ్చాయి.

భారతీయ, తెలుగు క్రీడారంగంలో

2004 ఏథెన్స్‌లో ఏడో స్థానంలో మిగిలిన అభినవ్ బింద్రా, 2008 ఆగస్టు 11న బీజింగ్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ స్వర్ణం గెలిచారు. చివరి గుండుకు ముందు ఫిన్లాండ్ షూటర్ హెన్రీ హాకినెన్‌తో సమానంగా ఉన్నారు. అప్పుడు 10.8 కొట్టారు. హాకినెన్ 9.7తో కాంస్యానికి పరిమితమయ్యారు. భారత్‌కు అది తొలి వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణం. మెదడు తరంగాలను తెర మీద చూస్తూ చేసే న్యూరోఫీడ్‌బ్యాక్ సాధన, భయాన్ని ఎదుర్కోవడానికి జర్మనీలో ఎత్తైన స్తంభం ఎక్కడం ఆయన సన్నాహాల్లో భాగాలు. భారత క్రికెట్ జట్టుకు 2011 ప్రపంచకప్ దాకా మానసిక శిక్షణ ఇచ్చిన ప్యాడీ అప్టన్, 2024 సింగపూర్ ప్రపంచ చదరంగ పోటీకి చెన్నైలోని తెలుగు కుటుంబంలో పుట్టిన దొమ్మరాజు గుకేశ్‌తో పనిచేశారు. 14 ఆటల పోరులో చివరి ఆట గెలిచి, 18 ఏళ్లకే గుకేశ్ ప్రపంచ విజేత అయ్యారు.

విజయవాడ విలుకత్తె వెన్నం జ్యోతి సురేఖ 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల కాంపౌండ్ ఫైనల్లో 150కి 149 సాధించారు. ఆ పోటీలో ఒక్కో బాణానికి ఇచ్చే గడువు 20 సెకన్లు. పదిహేను సార్లు అదే క్రమాన్ని, అదే ఊపిరిని తిరిగి తెచ్చుకోవడమే ఆ అంకె వెనక ఉన్న ఏకాగ్రత. హైదరాబాద్ గచ్చిబౌలిలోని తన బ్యాడ్మింటన్ అకాడమీలో పుల్లెల గోపీచంద్, మెతకగా ఆడే శిష్యురాలు పి.వి. సింధును కోర్టు మధ్యలో నిలబెట్టి గట్టిగా అరవమన్న ఉదంతం ప్రసిద్ధం. అది అచ్చంగా స్వగతం కాదు, ఉద్వేగ స్థాయిని పెంచే సాధన. కానీ లోపల అణిగి ఉన్న గొంతు బయటికి రావాలని గురువు గుర్తించారు. 2016 రియోలో రజతం, టోక్యోలో కాంస్యం గెలిచిన సింధు కేక ఈనాడు ఆమె ఆటలో భాగం.

పరిమితులు

అనుకూలమైన మాట అన్నివేళలా మందు కాదు. 2009లో జోవాన్ వుడ్ బృందం చేసిన అధ్యయనంలో ఆత్మగౌరవం తక్కువగా ఉన్నవారు గొప్పగా చెప్పుకునే మాటలు వల్లిస్తే వారి మనసు ఇంకా చిన్నబోయింది. నమ్మలేని పొగడ్త కన్నా నమ్మదగిన చిన్న మాట మేలు. ప్రతికూల స్వగతం ఆటను తప్పక చెడగొడుతుందని కూడా చెప్పలేం. 1994లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో జూనియర్ టెన్నిస్ ఆటగాళ్ల ప్రతికూల మాటలకూ ఓటమికీ సంబంధం కనబడినా, 2011లో 47 అధ్యయనాలను పరిశీలించిన సమీక్షలో అటువంటి మాటల వల్ల ఆట కచ్చితంగా దెబ్బతింటుందని తేలలేదు. కొందరికి తమ మీద తమకు వచ్చే కోపమే చురుకునిస్తుంది. అంకెల గడుల్లో వరుసగా వెతికే ప్రసిద్ధ ఏకాగ్రత వ్యాయామం నిజంగా ఆటలో ధ్యాసను పెంచుతుందా అన్నదానికి కూడా బలమైన ఆధారాలు లేవు. తీవ్రమైన ఆందోళన, నిద్రలేమి, కుంగుబాటు ఉన్నవారికి గుర్తుమాటలు చాలవు. వారికి వైద్యుల సాయం కావాలి.

శిక్షకులు, తల్లిదండ్రుల పాత్ర

పైనుంచి విన్న మాటే లోపలి మాటగా మారుతుందన్న విగోట్‌స్కీ సూత్రం క్రీడల్లోనూ నిలిచింది. శిక్షకుడు ఆదరంగా ప్రోత్సహిస్తే క్రీడాకారుల్లో అనుకూల స్వగతం ఎక్కువగా ఉంటుందని గ్రీక్ పరిశోధకుడు నికోస్ జుర్బానోస్ బృందం చేసిన అధ్యయనాలు చూపాయి. అంటే పిల్లలు మైదానంలో తమతో తాము మాట్లాడే భాషను పెద్దలే నేర్పుతున్నారు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. పదేళ్ల పిల్ల ఓడిపోయి వచ్చినప్పుడు ఇంట్లో, కోర్టు పక్కన ఏ మాట వింటుందో, పదేళ్ల తర్వాత ఒత్తిడి క్షణంలో తనకు తాను ఆ మాటే చెప్పుకునే అవకాశముంది. కాబట్టి శిక్షకులూ తల్లిదండ్రులూ పిల్లలకు ఏం చేయకూడదో కాక ఏం చేయాలో, చిన్న మాటల్లో, ఆప్యాయంగా చెప్పాలి. ఒంటరిగా బరిలో నిలబడిన రోజున వారికి తోడుండేది ఆ మాటే.